పసిపిల్లల కేంద్రానికి అనుమతి ఎవరిస్తారు, తనిఖీ ఎవరు చేస్తారు?

నిజామాబాద్ వినాయక్‌నగర్‌లోనో కంఠేశ్వర్‌లోనో మూడేళ్ల పిల్లను ప్లేస్కూల్లో వేయబోయే తల్లిదండ్రులు ఫీజు ఎంతని అడుగుతారు, ఆటో పంపుతారా అని అడుగుతారు, ఇంగ్లిష్‌లో మాట్లాడిస్తారా అని కూడా అడుగుతారు. ‘మీకు అనుమతి ఎవరిచ్చారు, చివరిసారి ఎవరొచ్చి చూశారు’ అని అడిగేవాళ్లు తక్కువ. అడిగినా నిర్వాహకురాలు ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కష్టం. ఆమె ఏదో దాస్తోందని అనుకోనక్కర్లేదు. ఇలాంటి చోటు మొత్తాన్నీ చూసి ఇచ్చే ఒకే అనుమతి మన దగ్గర లేదు. కొంత విద్యాశాఖ చేతిలో ఉంది, కొంత మహిళా శిశు సంక్షేమ శాఖ దగ్గర, కొంత నగరపాలక సంస్థ దగ్గర, కొంత అగ్నిమాపక శాఖ దగ్గర, ఇంకొంత కార్మిక శాఖ దగ్గర ఉంది. ఎవరి వాటా ఎంతో తెలిస్తే తప్ప, ఎవరిని ఏమడగాలో తల్లిదండ్రులకు తెలియదు.

ముందు చట్టం సంగతి చూద్దాం. ఆరేళ్ల నుంచి పద్నాలుగేళ్ల పిల్లలు చదివే బడి విషయంలో అది గట్టిగానే ఉంది. 2009 విద్యాహక్కు చట్టం 18వ సెక్షన్ ప్రకారం గుర్తింపు లేకుండా బడి నడిపితే లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ తర్వాత కూడా ఆపకపోతే రోజుకు 10 వేల దాకా. అదే చట్టం మూడు నుంచి ఆరేళ్ల పిల్లల దగ్గరికి వచ్చేసరికి, 11వ సెక్షన్‌లో, ఏర్పాట్లు చేయడాన్ని ప్రభుత్వాల ఇష్టానికి వదిలేసింది. ఇక మూడేళ్లలోపు పిల్లల ఊసే అందులో లేదు. వాళ్లకు రక్షణ నేరుగా రాదు, తల్లి చేసే ఉద్యోగం ద్వారా వస్తుంది. 1948 ఫ్యాక్టరీల చట్టం 30 మందికి మించి ఆడవాళ్లు పనిచేసే చోట క్రెష్, అంటే పసిపిల్లల్ని చూసుకునే గది, పెట్టి తీరాలంది. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించినప్పుడు, 50 మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలన్నీ క్రెష్ ఏర్పాటు చేయాలనీ, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చనీ చేర్చారు. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఈ ఏర్పాటు ఉంది.

అంటే పిల్ల వయసు తగ్గేకొద్దీ చట్టం పలచబడుతూ వచ్చింది. ఏం జరిగిందో ఇంటికొచ్చి చెప్పగలిగిన పదేళ్ల పిల్లాడికి దిట్టమైన చట్టం ఉంది. ఏడవడం తప్ప ఏమీ చెప్పలేని పదినెలల బిడ్డకు, తల్లి పనిచేసే చోట 50 మంది ఉంటేనే హక్కు. ఈ తలకిందుల వ్యవహారం సరిచేయకుండా ఎన్ని తనిఖీలు చేసినా అవి సగం పిల్లల్నే చేరతాయని నా నమ్మకం.

ఇందులో ఒక మినహాయింపు మాత్రం ఉంది. అమ్మానాన్నల ఆలనకు దూరమైన పిల్లలుండే బాలసదనాలు, అనాథాశ్రమాల విషయంలో 2015 జువెనైల్ జస్టిస్ చట్టం చాలా వివరంగా ఉంది. 41వ సెక్షన్ కింద ప్రతి ఆశ్రమం నమోదు కావాలి, ఆ నమోదు గడువు అయిదేళ్లు. నమోదు లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లేదా లక్షకు తగ్గని జరిమానా, లేదా రెండూ. 54వ సెక్షన్ ప్రకారం జిల్లా తనిఖీ బృందం మూడు నెలలకు ఒక్కసారైనా వెళ్లాలి. బృందంలో ముగ్గురికి తగ్గకూడదు, వారిలో ఒక మహిళ, ఒక వైద్యాధికారి ఉండాలి, వారంలోగా నివేదిక ఇవ్వాలి. ఎవరు, ఎప్పుడు, ఎంతమంది, ఎన్ని రోజుల్లో అన్నది ఇంత స్పష్టంగా రాసిపెట్టిన ఏర్పాటు ప్లేస్కూల్‌కు గానీ డే కేర్‌కు గానీ లేదు.

ఇప్పుడు ఈ చట్టాలను మన జిల్లా తల్లుల బతుకు మీద పెట్టి చూడండి. నిజామాబాద్, బోధన్, ఆర్మూర్ ప్రాంతాల్లో వేలమంది ఆడవాళ్లకు బీడీలే ఆధారం. భర్త గల్ఫ్‌లో ఉంటే ఇంటి ఖర్చు ఆ బీడీల మీదే గడిచే నెలలుంటాయి. తునికాకు, తంబాకు తెచ్చుకుని, ఇంట్లోనే చాట ఒళ్లో పెట్టుకుని చుడతారు. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టంలో కూడా క్రెష్ నిబంధన ఉండేది, కానీ అది కార్ఖానాకు వర్తించేది. పని కార్ఖానా నుంచి ఇంటి వసారాలోకి మారాక క్రెష్ పెట్టాల్సిన యజమాని కనపడడు. పాకే బిడ్డ అదే వసారాలో, తంబాకు పొడి పడే చోటే తిరుగుతుంటుంది. ఆ వసారాకు ఏ తనిఖీ అధికారీ రాడు.

బోధన్ కథ మరోలా ఉంది. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్స్ 1937లో మొదలైంది. 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్లింది, 2015 డిసెంబరులో మూతపడింది. ఒకే యజమాని కింద వందలమంది పనిచేసే చోట, ఏ సదుపాయం ఎవరు కల్పించాలో చట్టం తేలిగ్గా చెప్పగలదు. ఆ పనులు పోయి దుకాణాలు, ఇళ్లు, కూలి అడ్డాలుగా చెదిరిపోయాక ఎవరినీ అడిగే వీలు లేకుండా పోయింది. ఫ్యాక్టరీని తిరిగి తెరిపించే మార్గాలు చూడమని ప్రభుత్వం 2024 జనవరిలో కమిటీ వేసింది. తెరిచే రోజు వస్తే గానుగ, బాయిలర్ల నక్షాతో పాటే క్రెష్ గది కూడా గీయాలని ఇప్పుడే అడగాలి. కట్టడం అయిపోయాక మూలనున్న స్టోర్ రూమ్‌కు రంగు వేసి క్రెష్ అని బోర్డు పెట్టడం మనం చాలాచోట్ల చూశాం.

అందువల్ల ఈ ప్రాంతంలో ఎక్కువమంది పేద తల్లులకు పిల్లను వదిలి వెళ్లే చోటంటే అంగన్‌వాడీయే. 1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి సేవల (ఐసీడీఎస్) పథకం కింద ఇవి నడుస్తాయి. తెలంగాణలో 35,700 కేంద్రాలున్నాయి. ఇక్కడ తనిఖీ నిచ్చెన స్పష్టంగానే ఉంది: టీచర్, ఆయా, వాళ్ల పైన సెక్టార్ సూపర్‌వైజర్, ఆమె పైన శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి (సీడీపీవో), జిల్లాలో సంక్షేమ అధికారి. చిక్కేమిటంటే ఈ నిచ్చెన మీదుగా పైకి వెళ్లే లెక్కల్లో ఎక్కువ భాగం పోషణకు చెందినవి: పిల్లల బరువు, గుడ్లు, పాలు, బాలామృతం, ఫోన్‌లో పోషణ్ ట్రాకర్ హాజరు. అవన్నీ కావాల్సినవే. కానీ వంట పొయ్యి పిల్లలు పడుకునే గదిలోనే ఉందా, అద్దె ఇంటి పైకప్పు పెచ్చులూడుతోందా, బయట కాలువ మీద పలక ఉందా అన్న ప్రశ్నలు కూడా ప్రతి నెలా అదే ఫోన్‌లో నింపాల్సినవి కావాలి. ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లల్ని రోజంతా చూసుకునేందుకు 2022 నుంచి మిషన్ శక్తి కింద ‘పాల్నా’ పేరుతో అంగన్‌వాడీ-కమ్-క్రెష్‌ల పథకం ఉంది. బీడీలు చుట్టే తల్లులున్న వాడల్లో ఇది ముందు రావాలి.

ప్రైవేటు వైపు చూద్దాం. నర్సరీ, ఎల్‌కేజీ, యూకేజీలు ఒకటో తరగతికి అనుబంధంగా ఉన్న బడి అయితే, 1994 నాటి జీవో నంబరు 1 నిబంధనల కింద విద్యాశాఖ అనుమతి, గుర్తింపు తీసుకోవాలి. ఆ ఫైల్‌లో భవనం పటిష్ఠంగా ఉందని ఇంజనీర్ ఇచ్చిన సర్టిఫికెట్, పారిశుధ్య సర్టిఫికెట్, అగ్నిమాపక శాఖ కాగితం ఉండాలి. విడిగా నడిచే ప్లేస్కూల్, డే కేర్ అయితే సంగతి వదులైపోతుంది. జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ప్రైవేటు ప్లేస్కూళ్ల కోసం మార్గదర్శకాలు రాసింది. మూడేళ్లు నిండని పిల్లను చేర్చుకోవద్దు, రోజుకు మూడు నాలుగు గంటలే నడపాలి, 20 మందికి ఒక టీచరు, తోడుగా ఒక కేర్‌టేకర్, ప్రహరీ గోడ, సీసీ కెమెరాలు, తల్లిదండ్రుల సంఘం అన్నీ అందులో ఉన్నాయి. కానీ మార్గదర్శకం చూపించి ఎవరి గేటుకూ తాళం వేయలేం. రాష్ట్రం దాన్ని తన ఉత్తర్వుగా చేసుకుని, ఫలానా అధికారికి ఫలానా అధికారం అని రాసిస్తేనే అది పనిచేస్తుంది. అప్పటిదాకా చాలా ప్లేస్కూళ్లు చూపించేది నగరపాలక సంస్థ ట్రేడ్ లైసెన్సే. ఆ లైసెన్సు అక్కడ వ్యాపారం జరుగుతోందని చెబుతుంది, పిల్ల భద్రత గురించి ఏమీ చెప్పదు. వంట అక్కడే చేస్తే ఆహార భద్రత సంస్థ నమోదు కూడా ఉండాలి.

అగ్నిమాపక కాగితం దగ్గర కొంచెం ఆగాలి. బడి భవనాల విషయంలో నిరభ్యంతర పత్రం (ఎన్‌వోసీ) గీత 6 మీటర్ల ఎత్తు దగ్గర గీశారు. మన కాలనీల్లో కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు ఉన్న ఇల్లు దాదాపు ఆ గీత దగ్గరే ఉంటుంది. ఒకే అంతస్తు ఉన్న ఇంట్లో ప్లేస్కూల్ పెడితే ఫైర్ వాళ్లు చూడకుండానే నడిచిపోవచ్చు. నిజానికి పసిపిల్లల విషయంలో ఎత్తు ఒక్కటే కొలత కాకూడదు. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో 94 మంది చిన్నారులు కాలిపోయారు. మధ్యాహ్న భోజనం వండే చోట రేగిన మంట ఆకుల కప్పుకు అంటుకుంది. ఒకే భవనంలో పిల్లల్ని కుక్కేశారు, దారి ఇరుకు. బడికి కాగితాలు లేకపోలేదు, చూడాల్సినవాళ్లు సరిగా చూడకుండానే ఇచ్చారు. ఆ తర్వాత 2009 ఏప్రిల్ 13న అవినాశ్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు దేశంలోని ప్రతి బడిలో మంటలార్పే పరికరాలుండాలనీ, సిబ్బందికి వాటిని వాడటం నేర్పాలనీ, భవనాలను జాతీయ భవన నియమావళి ప్రకారం పరీక్షించాలనీ ఆదేశించింది.

పరికరం గోడకు ఉంటే సరిపోదు. పొడి రకం సిలిండర్ మీద చిన్న మీటర్ ఉంటుంది, ముల్లు పచ్చ భాగంలో ఉండాలి. మెడకు కట్టిన చీటీ మీద రీఫిల్ తేదీ ఉంటుంది. అంతకంటే ముఖ్యం ఆయాను పిలిచి ‘పిన్ను ఎట్ల తీస్తవమ్మా’ అని అడగడం. ఆమె చేయి నేరుగా పిన్ను మీదికి వెళ్తే అక్కడ నిజంగా శిక్షణ జరిగిందని అర్థం. ప్రిన్సిపాల్ మేడం మాత్రమే జవాబు చెబితే, మంట లేచినప్పుడు మేడం ఆఫీసు గదిలో ఉంటారన్నది గుర్తుంచుకోవాలి.

ఇల్లుగా కట్టిన భవనంలో పిల్లల కేంద్రం పెట్టినప్పుడు ఎక్కువ ప్రమాదాలు ఫైల్‌లో కనపడని చోట ఉంటాయి. పోర్టికోలో కారు పక్కన నీళ్ల సంపు ఉంటుంది. దాని మూత రేకుదైతే అంచు తుప్పుపట్టి పక్కకు జరుగుతుంది. మోటారు వేయడానికి తీసి మళ్లీ వేయడం మర్చిపోతారు. రెండేళ్ల పిల్ల అందులో పడితే చప్పుడు కూడా పెద్దగా రాదు. సంపుకు బరువైన మూత, దానికి తాళం, ఆ తాళం చెవి ఒకరి దగ్గరే ఉండటం కనీసం. మార్చి నడిమికల్లా ఒంటిపూట బడులు మొదలవుతాయి, అంతకుముందే గదుల్లోకి కూలర్లు వస్తాయి. రేకు బాడీ ఉన్న కూలర్, లోపల నీళ్లు, సరిగా లేని ఎర్తింగ్, తడి చేత్తో దాన్ని పట్టుకునే పిల్ల. మన ప్రాంతంలో కూలర్ షాక్ కొత్త మాట కాదు. ఎర్తింగ్ ఉందో లేదో ఎలక్ట్రీషియన్ పావుగంటలో చెప్పేస్తాడు. మెట్ల కింద ఇన్వర్టర్ బ్యాటరీ, బాత్రూంలో నేల మీద ఫినాయిల్ డబ్బా, వంటింటి గడప దగ్గర సాంబారు గిన్నె, కిటికీలన్నిటికీ కదలని గ్రిల్లు, బయటికి ఒకే తలుపు. ఈ చివరిది అన్నిటికంటే భయపెట్టేది. దొంగల కోసం పెట్టిన గ్రిల్లే పొగ నిండినప్పుడు దారి మూసేస్తుంది. పిల్లలున్న ప్రతి గదికీ రెండో దారి ఉండాలి, లేదా లోపలి నుంచి తెరుచుకునే గ్రిల్ ఉండాలి. గేటు గడియ పిల్ల చేతికి అందనంత ఎత్తులో, పెద్దవాళ్లు తాళంచెవి వెతక్కుండా తీయగలిగేలా ఉండాలి.

ఇక్కడే సిబ్బంది లెక్క కూడా భద్రతలో భాగమవుతుంది. 2013 జాతీయ శైశవ సంరక్షణ, విద్యా విధానం మూడేళ్లలోపు పిల్లలకు పదిమందికి ఒకరు, మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు 20 మందికి ఒకరు ఉండాలంది. దీన్ని చదువు లెక్కగా చూస్తాం గానీ మంట దృష్టితో చూడండి. ఇంకా నడవని పదిమంది పిల్లల్ని ఒక ఆయా ఒక్కసారికి ఇద్దరిని ఎత్తుకుని బయట పెట్టగలదు. అంటే అయిదుసార్లు పొగలోకి వెళ్లి రావాలి. అందుకే ఏడాదిలోపు బిడ్డల గది కింది అంతస్తులో, తలుపు పక్కనే ఉండాలి, వాళ్ల దగ్గర ఇంకా ఎక్కువ చేతులుండాలి. రిజిస్టర్లో ఆరుగురు సిబ్బంది ఉన్నా మధ్యాహ్నం రెండు గంటలకు నిజంగా ఎందరున్నారన్నదే చూడాలి. ఉదయం పదకొండుకు వచ్చి వెళ్లే అధికారికి అది తెలియదు. పిల్లలు పడుకున్నాక, ఆయాలు భోజనానికి వెళ్లే వేళకు తనిఖీ జరగాలి.

వాహనం గురించి ఒక మాట. 2014 జూలై 24న మాసాయిపేట దగ్గర బడి బస్సును రైలు ఢీకొట్టింది. అది మన నిజామాబాద్ లైను మీద జరిగిందే. బడి బస్సుల ఫిట్‌నెస్ ఏటా వేసవిలో చూస్తారు, చూడాలి కూడా. కానీ ఆ ప్రమాదం కాపలా లేని రైల్వే గేటు దగ్గర జరిగింది. 2019 జనవరి కల్లా బ్రాడ్‌గేజ్ లైన్లలో కాపలా లేని గేట్లన్నీ ఎత్తేశారు. బస్సుకు ఎన్ని ముద్రలు వేసినా రాని భద్రత అలా వచ్చింది. సంపు విషయంలోనూ ఇదే చేయవచ్చు, పిల్లలు తిరిగే ఆవరణలో సంపే లేకుండా చూడొచ్చు.

తనిఖీ ఎలా జరగాలన్నదానికి బిహార్‌లోని ముజఫర్‌పూర్ మరిచిపోలేని పాఠం. అక్కడి బాలికల వసతి గృహానికి ప్రభుత్వ నిధులు వచ్చేవి, అధికారులూ వచ్చిపోయేవారు. లోపల జరుగుతున్నది బయటపెట్టింది టాటా సామాజిక శాస్త్రాల సంస్థ ‘కోశిశ్’ బృందం చేసిన సోషల్ ఆడిట్. 2018లో ఆ నివేదిక బయటికొచ్చింది. 2020 జనవరిలో కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. ఆ బృందం చేసిందల్లా పిల్లలతో కూర్చుని, నిర్వాహకులు పక్కన లేకుండా మాట్లాడటం. మాట రాని పిల్లలున్న చోట ఆయాతో, తల్లితో, ఆటో డ్రైవర్‌తో విడిగా మాట్లాడాలి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం పిల్ల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి. సంస్థ పరువు పోతుందని దాచిపెట్టిన బాధ్యుడికి ఏడాది దాకా జైలు ఉంది. ఈ సంగతి ఆయాలకు ఎవరూ చెప్పరు.

తప్పు తేలాక ఏం చేయాలన్నదీ అంత తేలిక కాదు. 2022 అక్టోబరులో హైదరాబాద్ బంజారాహిల్స్‌లోని ఒక బడిలో నాలుగేళ్ల పాప మీద జరిగిన అఘాయిత్యం బయటపడ్డాక ప్రభుత్వం ఆ బడి గుర్తింపు రద్దు చేస్తున్నట్టు ప్రకటించింది. చదువు మధ్యలో పిల్లలు రోడ్డున పడతారని తల్లిదండ్రులు కోరాక ఆ విద్యాసంవత్సరానికి మళ్లీ అనుమతించింది. గుర్తింపు రద్దు చేస్తే నష్టపోయేది పిల్లలే, ఏమీ చేయకపోయినా నష్టపోయేది వాళ్లే. అందుకే ఈ రెంటికీ మధ్య మెట్లుండాలి: ఫలానా లోపం పదిహేను రోజుల్లో సరిచేయాలన్న నోటీసు, సరిచేసేదాకా కొత్త చేరికలు ఆపడం, జరిమానా, అవసరమైతే సంస్థను కొన్నాళ్లు వేరే యాజమాన్యం చేతిలో పెట్టడం. ఆ నోటీసు గేటు మీద అందరికీ కనపడేలా అంటించాలి. దాన్ని చదివే తల్లి అధికారి కంటే గట్టిగా వెంటపడుతుంది.

తల్లిదండ్రులు ఇప్పుడే చేయగలిగినది ఉంది. చేర్చే ముందు ‘మేడం, ఫైర్ కాగితం, భవనం సర్టిఫికెట్ ఒకసారి చూపిస్తారా’ అని అడగండి. మంచి నిర్వాహకులు నొచ్చుకోరు. పిల్లను ఎవరి చేతికి అప్పగించాలో రాసి సంతకం పెట్టండి, ఇంకెవరు వచ్చినా పంపవద్దని చెప్పండి. చెప్పకుండా మధ్యాహ్నం పూట ఒకసారి వెళ్లండి. అంగన్‌వాడీ అయితే మీ ఊళ్లో దాన్ని చూసుకునే స్థానిక పర్యవేక్షణ కమిటీలో ఎవరున్నారో అడిగి, వాళ్లను కదపండి. తనిఖీ నివేదికల నకలు సమాచార హక్కు చట్టం కింద జిల్లా సంక్షేమ అధికారి కార్యాలయం నుంచి అడగవచ్చు. పిల్లకు ఆపద అనిపిస్తే ఎవరినీ అడగకుండా పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి.

ఇక నవంబరు రాగానే చెరకు కోత మొదలవుతుంది. మహారాష్ట్ర వైపు నుంచి వచ్చే కోత ముఠాలు తోటల పక్కన, ఫ్యాక్టరీల దగ్గర తాడిపత్రి గుడిసెలు వేసుకుంటాయి. తల్లీదండ్రీ తెల్లవారకముందే కత్తి పట్టుకుని తోటలోకి వెళ్తారు, పసిపిల్లను ఏడేళ్ల అక్క చూసుకుంటుంది. ఆ అక్క బడికి వెళ్లదు. ఈ గుడిసెల దగ్గర కేంద్రమే లేదు కనుక తనిఖీ చేయడానికీ ఏమీ లేదు. 2006 డిసెంబరు 13న పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్ (పీయూసీఎల్) కేసులో సుప్రీంకోర్టు, ఆరేళ్లలోపు పిల్లలు 40 మంది ఉండి అంగన్‌వాడీ లేని పల్లెవాసాలు, మురికివాడలు అడిగితే మూడు నెలల్లోపు ఇవ్వాలంది. ఆ గడువును కోత కాలంతో లెక్కేస్తే, నవంబరులో గుడిసెలు పడే చోటుకి దరఖాస్తు ఆగస్టులోనే సీడీపీవోకు చేరాలి. ఏ తోట దగ్గర ఎన్ని ముఠాలు దిగుతాయో ఫ్యాక్టరీ చెరకు విభాగానికి అప్పటికే తెలుసు. ఆ జాబితా తెప్పించి, పిల్లల లెక్క కట్టి, దరఖాస్తు పెట్టే పని గ్రామ పంచాయతీలు తలకెత్తుకోవాలి.